పాత మియాటా కొనడం, మియాటా జనంలో కలవడం: వరసగా ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

అమెరికాలో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా వైపు వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కోవాలని ఉంది, ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి? ఏది అన్నదానికి నా జవాబు మొదటి తరం మాజ్దా మియాటా. 1990 మోడల్ నుంచి 1997 మోడల్ దాకా వచ్చిన, హెడ్‌లైట్లు పైకి లేచే బండి. అందరూ దాన్ని ఎన్ఏ అంటారు. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి, బానెట్ ఎత్తితే చాలావరకు చేతికి అందుతుంది, పైగా కొత్తగా వచ్చినవాళ్లకు ఓపిగ్గా నేర్పే మనుషులు దాని చుట్టూ ఉన్నారు.

ఎలా అన్నదే అసలు విషయం, అందులో వరస ముఖ్యం. ముందు మనుషులు, తర్వాత కారు, తర్వాత మొదటి నెల సర్వీసు, హంగులు అన్నిటికన్నా చివర. చాలామంది ముందు కారు కొనేసి, అది మొరాయించాక మనుషుల్ని వెతుక్కుంటారు. అప్పటికి తుప్పు పట్టిన బాడీకి డబ్బు కట్టేసి ఉంటారు.

1. డబ్బు తీయకముందు తేల్చుకోవాల్సినవి

ఇది రెండే సీట్ల కారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీన్ని రెండో కారుగానే చూడండి. 1994 నుంచి పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ వచ్చింది, దాన్ని ఆపే స్విచ్ కంపెనీ ఇవ్వలేదు. బేబీ సీటు అక్కడ పెట్టే ఆలోచనే వద్దు.

ఒకసారి కూర్చుని చూడాలి. స్టీరింగ్ పైకీ కిందకీ కదలదు. ఆరడుగులు దాటినవాళ్లకు మోకాళ్లు స్టీరింగ్‌కి, తల టాపుకి తగలొచ్చు. టాప్ వేసి ఉన్నప్పుడు కూర్చోండి, తీసేసినప్పుడు అందరికీ బాగానే ఉంటుంది.

ఎక్కువ బళ్లు 5 గేర్ల మాన్యువల్. ఇండియాలో మాన్యువల్ నడిపినవాళ్లకు క్లచ్ కాలికి వెంటనే గుర్తొస్తుంది కానీ గేరు మార్చే చెయ్యి మారుతుంది, కుడి చేత్తో వేయాలి. ఎవరిదైనా బండి అడిగి ఖాళీ పార్కింగ్‌లో కాసేపు తిప్పితే సర్దుకుంటుంది. అమ్మేవాళ్ల బండి మీద మాత్రం నేర్చుకోవద్దు.

బడ్జెట్ విషయంలో నా లెక్క ఇది: చేతిలో ఉన్నదాంట్లో ముప్పావు వంతు కారుకి, పావు వంతు మొదటి కొన్ని నెలల పనులకి. మొత్తం కారుకే పోస్తే టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పే బెల్టు) మార్చాల్సిన రోజున టెన్షన్ మొదలవుతుంది.

కొనకముందే కనుక్కోవాల్సినవి:

- పార్కింగ్: గుడ్డ టాపు కాబట్టి గ్యారేజీ ఉంటే మంచిది. మంచు పడే చోట ఆరుబయట ఉంచాల్సి వస్తే మరోసారి ఆలోచించండి.
- ఇన్సూరెన్స్: బండి విలువ ముందే ఒప్పుకుని రాసే పాలసీ అడగండి. సాధారణంగా రోజూ వాడే కారు వేరే ఉండాలని, గ్యారేజీ ఉండాలని షరతు పెడతారు.
- నంబర్ ప్లేటు: చాలా రాష్ట్రాల్లో 25 ఏళ్లు దాటిన బండికి పాతకార్ల ప్లేటు ఇస్తారు. దాంతో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి పరిమితులు ఉండొచ్చు, చదివి తీసుకోండి.
- పొగ పరీక్ష: కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష తప్పదు, సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది. తర్వాత చేయించుకోండి అంటే ఒప్పుకోవద్దు.

2. ఏ సంవత్సరం మోడల్?

1990 నుంచి 1993 దాకా 1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్‌పవర్. 1994లో 1.8 లీటర్ వచ్చింది, 128 హార్స్‌పవర్. 1996లో అది 133 అయింది. 1.8తో పాటు డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు ఇంజన్ బలాన్ని పంచే పెట్టె) గట్టిపడింది, బ్రేకులు పెద్దవయ్యాయి. 1.6 తేలికగా, చురుగ్గా ఉంటుందని దాన్నే వెతికి కొనేవాళ్లు ఉన్నారు, ఆ మాటలో నిజం ఉంది.

1990 బళ్లకు, 1991లో కొంతభాగానికి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన ఇరుసు) ముందు కొన, అంటే ముక్కు, పొట్టిగా ఉంటుంది. దాన్ని ఎలా గుర్తించాలో కింద చెప్తాను, ఎందుకంటే అక్కడ తప్పితే ఇంజన్ పోతుంది.

మొదటిసారి కొనేవాళ్లకు 1994 తర్వాతివి కాస్త నిశ్చింత. అయితే తుప్పులేని 1991 బండి, తుప్పు పట్టిన 1996 బండి పక్కపక్కన ఉంటే మారుమాట లేకుండా 1991ది తీసుకోండి. ఇంజన్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు. కుళ్లిన బాడీని బాగుచేయించే ఖర్చుతో ఇంకో కారొస్తుంది.

జపాన్ నుంచి వచ్చిన కుడి స్టీరింగ్ బళ్లు కూడా కనిపిస్తాయి, వాటి మీద యూనోస్ రోడ్‌స్టర్ అని ఉంటుంది. 25 ఏళ్లు దాటినవి దిగుమతి చేసుకోవచ్చు. మనకు అలవాటైన వైపే కూర్చుంటాం కానీ, మీ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

3. కొనకముందే మనుషుల్లో కలవండి

పెద్ద ఊళ్ల చుట్టుపక్కల దాదాపు అన్నిచోట్లా మియాటా క్లబ్ ఉంటుంది. శనాదివారాల్లో డ్రైవ్‌లు, నెలకోసారి ఎక్కడో చోట కలవడాలు. కారు లేకుండా వెళ్లొచ్చా అని మనవాళ్లు మొహమాటపడతారు. నిర్వాహకులకు ముందే ఒక్క మాట చెప్పి నిక్షేపంగా వెళ్లండి, "ఇంకా కొనలేదు, చూడ్డానికి వచ్చాను" అన్నవాళ్లకు అక్కడ దొరికే సాయం అంతా ఇంతా కాదు.

అక్కడ చేయాల్సిన పనులు:

- 1.6లో ఒకసారి, 1.8లో ఒకసారి పక్క సీట్లో కూర్చుని తిరిగి రండి.
- బాగున్న బండికి వెనక చక్రాలకు ముందున్న బాడీ భాగం ఎలా ఉంటుందో చేత్తో తడిమి చూడండి. బాగున్నది ఎలా ఉంటుందో తెలిస్తేనే చెడ్డది పట్టుకోగలరు.
- ఏ మెకానిక్ దగ్గరికి వెళ్తున్నారో అడగండి.
- మీరు కొనాలనుకుంటున్నట్టు, మీ బడ్జెట్ ఎంతో చెప్పండి. మంచి బళ్లు చాలావరకు ప్రకటన దాకా రావు, నోటిమాట మీదే చేతులు మారతాయి.
- కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు తోడు రాగలరా అని ఒకరిని అడగండి.

తోడొచ్చినవాళ్లకు పెట్రోలు, భోజనం మీ ఖర్చు. ఇది ఎవరూ అడగరు, మీరే చూసుకోవాలి.

4. ఫోన్లోనే అడగాల్సినవి

అనవసరంగా వంద మైళ్లు పోయి రాకుండా ఇవి ముందే అడగండి:

- టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీ పేరు మీదే ఉందా? క్లీనా, సాల్వేజా (పెద్దగా దెబ్బతిని పనికిరాదని తేల్చినది), రీబిల్టా (అలాంటిదాన్ని బాగుచేసినది)? లోను బాకీ ఉందా?
- బండి ఎన్నేళ్లుగా మీ దగ్గరుంది, అంతకుముందు ఏ రాష్ట్రంలో తిరిగింది? మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే కింద ఫోటోలు పంపమనండి.
- టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు, బిల్లు ఉందా?
- వానలో లోపలికి నీళ్లు వస్తాయా?
- నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచగలరా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబుని బట్టే సగం అర్థమవుతుంది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి.

5. కారు చూడటం

పగటి వెలుతురులో, వాన లేనప్పుడు చూడండి. తడి బాడీ మీద పెయింటు తేడాలు కనబడవు. టార్చి, చిన్న అయస్కాంతం, పాత దుప్పటి పట్టుకెళ్లండి, కింద పడుకోవాల్సి వస్తుంది.

*5.1 తుప్పు*

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. తలుపు కింద పొడవుగా ఉండే భాగం, అందులోనూ వెనక చక్రానికి సరిగ్గా ముందున్న చివర, ఈ బళ్లకు అసలు జబ్బు పట్టే చోటు. కారణం కింద నుంచి చిమ్మే నీళ్లు మాత్రమే కాదు. టాపు మీద పడ్డ వాననీళ్లు వెనక ఒక కాలువలోకి జారి, సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న రంధ్రాల ద్వారా కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ దారి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచిపోతాయి, బాడీ లోపలి నుంచి కుళ్లుతుంది. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది.

అందుకే కంటితో చూసి వదిలేయకండి. అయస్కాంతం ఆనించి చూడండి, అంటకపోతే అక్కడ లప్పం పెట్టారని అర్థం. వేలితో నొక్కుతూ పోండి, పెయింటు బుడగల్లా లేచి ఉంటే లోపల రంధ్రం పడి ఉంటుంది. రెండు వైపులా పోల్చండి. తర్వాత కింద దూరి, జాకీ పెట్టే అంచు నలిగి వంగిందేమో చూడండి.

ఇంకా చూడాల్సినవి: ముందు చక్రాల వెనక ఫెండర్ అడుగుభాగం, సీట్ల వెనక కార్పెట్ కింద తడి, డిక్కీలో బ్యాటరీ చుట్టూ. ఈ కారుకి బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది. ఆవిరి బయటికి పోయే గొట్టాలు లేని మామూలు బ్యాటరీ పెట్టి ఉంటే ఆ మూలంతా తుప్పు తినేసి ఉండొచ్చు.

*5.2 టాపు*

కుట్లు, మడతల దగ్గర చిరుగులు, వెనక ప్లాస్టిక్ అద్దం పసుపెక్కిందా పగిలిందా అన్నది చూడండి. టాపు మార్పిడి చిన్న ఖర్చు కాదు, బేరంలో వాడుకోండి. అమ్మేవాళ్లు టాపు దించేటప్పుడు వెనక అద్దం జిప్పు విప్పారా లేదా గమనించండి. విప్పకుండా మడిచేస్తే అద్దం విరుగుతుంది, మిగతా బండిని కూడా వాళ్లు అలాగే చూసుకుని ఉంటారు.

*5.3 ఇంజన్*

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూడండి. బురదలా ఉంటే పట్టించుకోని బండి. రేడియేటర్ పైన నల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే దాని రోజులు అయిపోయినట్టే.

స్టార్ట్ చేయగానే పైనుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తే కంగారు పడొద్దు, ఈ ఇంజన్లకు అది మామూలే, వేడెక్కాక తగ్గాలి. తగ్గకపోయినా ఒక్కోసారి ఆయిల్ మారిస్తే పోతుంది. కింద నుంచి గుద్దుతున్నట్టు చప్పుడొస్తే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆయిల్ ప్రెషర్ ముల్లు గురించి ఒక మాట. 1994 దాకా అది నిజంగా ప్రెషర్ చూపిస్తుంది, ఇంజన్ వేగాన్ని బట్టి కదులుతుంది. 1995 నుంచి ఉందా లేదా అన్నంత వరకే చూపిస్తుంది, మధ్యలో కదలకుండా నిలబడితే చెడిపోయినట్టు కాదు.

ఇంజన్ వెనక భాగం నుంచి ఆయిల్ కారడం సాధారణం. క్యామ్ యాంగిల్ సెన్సర్ (ఇంజన్ ఏ స్థితిలో తిరుగుతోందో కనిపెట్టే పరికరం) దగ్గరుండే చిన్న రబ్బరు రింగు గట్టిపడి కారుతుంది. రింగు ఖరీదు చాలా తక్కువ, చెయ్యి పెట్టే చోటే ఇరుకు.

*5.4 పొట్టి ముక్కు క్రాంక్ (1990, 1991 బళ్లకు)*

ఇంజన్ నడుస్తుండగా, జుట్టూ బట్టలూ దూరంగా ఉంచుకుని, పైనుంచి టార్చి వేసి ముందున్న క్రాంక్ పుల్లీని చూడండి. నిటారుగా తిరగాలి. వంకరగా ఊగుతూ తిరుగుతుంటే లోపల పుల్లీని జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క (కీ) కూర్చునే గాడి అరిగిపోయిందన్నమాట. అది ముదిరితే టైమింగ్ తప్పుతుంది, బండి బలం తగ్గిపోతుంది, ఆఖరికి క్రాంకే పాడవుతుంది.

ఇంజన్ ఆపాక పుల్లీ మధ్యలో గాళ్లు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన పొడుగుది. పొట్టిదైనంత మాత్రాన వదిలేయక్కర్లేదు. ఎవరూ పుల్లీని పట్టి ఉంచే బోల్టుని తప్పుగా బిగించకపోతే బండ్లు దశాబ్దాల పాటు నడిచాయి. టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు నిర్లక్ష్యంగా బిగించడంతోనే చాలావరకు ఈ గొడవ మొదలవుతుంది. అందుకే ఎవరు మార్చారన్నది అడగండి.

*5.5 నడిపి చూడటం*

- చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొండికేయడం మామూలే. వేడెక్కాక కూడా గరగరమంటే అరిగింది.
- నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది.
- క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోతుంటే గేర్‌బాక్స్ పక్కనుండే స్లేవ్ సిలిండర్ కారుతోంది. చవక పని. పైన మాస్టర్ సిలిండర్ కూడా కలిపి మార్చండి, లేకపోతే కొన్నాళ్లకే అదీ పోతుంది.
- వేగం పెంచేటప్పుడు బండి తడబడుతుంటే ముందు స్పార్క్ ప్లగ్ వైర్లు, 1.6లో అయితే ఇంజన్‌కి గాలి తెచ్చే పెద్ద రబ్బరు గొట్టం చీలిందేమో చూడండి.
- తిరిగొచ్చాక ఇంజన్ ఆపకుండా కాసేపు నిలబెట్టి టెంపరేచర్ ముల్లు ఎక్కుతుందేమో గమనించండి. హెడ్‌లైట్లు నాలుగైదుసార్లు లేపి దించండి.

అన్నీ బాగున్నాయనిపిస్తే అప్పుడు మెకానిక్ దగ్గర డబ్బిచ్చి చూపించండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి.

*5.6 కాగితాలు*

డాష్ మీద, తలుపు అంచు మీద ఉన్న 17 అక్షరాల వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు టైటిల్‌తో సరిపోవాలి. ఫెండర్లు, తలుపులు, బానెట్ మీద కూడా చిన్న స్టిక్కర్లుంటాయి. ఒకటి లేకపోతే ఆ భాగం మార్చారో, పెయింటు వేశారో అనుకోండి, ఎందుకని అడగండి.

మైలేజీని గుడ్డిగా నమ్మొద్దు. 2010, అంతకుముందు మోడళ్లకు టైటిల్ బదిలీలో ఓడోమీటర్ వివరం ఇవ్వనక్కర్లేదు. పాత బిల్లులు, సర్వీసు రసీదుల మీదున్న అంకెలే సాక్ష్యం.

6. బేరం

మనకు బేరం చేయడం కొత్త కాదు కానీ ఇక్కడ పద్ధతి వేరు. "చివరి రేటెంత" అని ఫోన్లోనే అడిగితే చాలామంది మాట్లాడటం ఆపేస్తారు. చూశాక, కనబడ్డ పనులు కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఖర్చు వేసి చూపించండి. టైర్లు, బెల్ట్, టాపు. ఈ మూడింటి మీద ఎవరూ పెద్దగా వాదించరు.

తుప్పు మీద మాత్రం బేరం ఆడొద్దు. అది ఉంటే కొనడమే వద్దు.

7. మొదటి నెల: ఇదే వరసలో

1. సీట్ల వెనక నీటి దారులు శుభ్రం చేయండి. గడ్డి కోసే మిషన్లో వాడే మెత్తటి నైలాన్ దారం చాలు, గట్టి కమ్మీతో పొడిస్తే లోపలి గొట్టం ఊడిపోతుంది. తర్వాత కొంచెం నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి.
2. టైరు పక్కన తేదీ అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే, గాళ్లు ఎంత లోతున్నా, మార్చేయండి.
3. అన్ని ద్రవాలూ మార్చండి: ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, బ్రేక్, క్లచ్ ఫ్లూయిడ్. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 రకం వాడండి.
4. బిల్లు లేకపోతే టైమింగ్ బెల్ట్ మార్చలేదనే లెక్క. 60,000 మైళ్లకోసారి మార్చాలి. తెగినా ఈ ఇంజన్లలో వాల్వులు సాధారణంగా వంగవు, కానీ హైవే మీద ఆగిపోతారు. వాటర్ పంపు కూడా అప్పుడే మార్పించండి.
5. రబ్బరు గొట్టాలన్నీ నొక్కి చూడండి, ఇంజన్ వెనకవైపున్న హీటర్ గొట్టాలు మర్చిపోవద్దు.
6. చివర్లో నాలుగు చక్రాల అలైన్‌మెంట్.

విడిభాగాల గురించి భయం వద్దు. మాజ్దా 2017లో జపాన్‌లో ఈ తరం బళ్లకు పునరుద్ధరణ సర్వీసు ప్రకటించి, ఆగిపోయిన భాగాలు కొన్ని మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది.

8. ఎక్కువమంది చేసే తప్పులు, సరిచేసుకునే దారి

*రాగానే బండి ఎత్తు తగ్గించడం.* ముందు ఉన్న బండిని కొన్ని నెలలు అలాగే నడపండి. పాత రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉంటే కొత్త స్ప్రింగులు ఏం చేస్తాయి?

*జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టడం.* ముందు క్రాస్‌మెంబర్ (చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం) కింద, వెనక డిఫరెన్షియల్ కింద పెట్టి లేపండి, స్టాండు వేయకుండా కిందికి దూరకండి.

*అందం కోసం అమ్మే కమ్మీలని రోల్ బార్ అనుకోవడం.* సీట్ల వెనక మెరిసే సన్నటి కమ్మీలు బండి బోల్తాపడితే కాపాడవు. నిజమైన రోల్ బార్ వేయించుకుంటే, తల తగిలే చోట గట్టి ప్యాడింగ్ తప్పనిసరి.

*చలిలో టాపు దించడం.* ప్లాస్టిక్ అద్దం పెళుసుగా ఉంటుంది. ఎండలో కాసేపు ఉంచి, జిప్పు విప్పి, అప్పుడు దించండి.

9. మనుషుల్లో నిలబడటం

ప్రశ్న అడిగేటప్పుడు సంవత్సరం, ఇంజన్, లక్షణం ఎప్పుడు వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఇప్పటిదాకా ఏం మార్చారు, ఇవన్నీ ఒకేసారి చెప్పండి. "బండి సరిగ్గా నడవట్లేదు, ఏం చేయాలి" అంటే ఎవరికీ ఏం చెప్పాలో తెలీదు. పరిష్కారం దొరికాక తిరిగొచ్చి చెప్పండి. చెప్పనివాళ్లకు రెండోసారి ఉత్సాహంగా సాయం చేయరు.

క్లబ్బుల్లో ఒకరి గ్యారేజీలో అందరూ చేరి పనిచేసుకునే రోజులుంటాయి. మీ బండికి పని లేకపోయినా వెళ్లండి, టార్చి పట్టుకున్నా చాలు. పానాలు అరువు తెచ్చుకుంటే తుడిచి తిరిగివ్వండి. ఒక పెద్ద డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్తే పేరు గుర్తుపెట్టుకుంటారు, ఇది నేను గట్టిగా చెప్పగలను.

గుంపుగా డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు:

- ట్యాంకు నింపుకుని, టైముకి పది నిమిషాలు ముందే చేరండి.
- వరసలో ఒకరినొకరు దాటొద్దు.
- మలుపు తిరిగేముందు వెనకబండి అద్దంలో కనబడాలి, కనబడకపోతే ఆగండి.
- ముందున్నవాళ్ల వేగం అందుకోవాలని ప్రయత్నించొద్దు. నెమ్మదిగా వెళ్లే గుంపు ఉందా అని అడిగి అందులో చేరండి.

టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో డీల్స్ గ్యాప్ దగ్గర యూఎస్ 129 రోడ్డు మీద 11 మైళ్లలో 318 మలుపులున్నాయి. మియాటా వాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడ కలుస్తారు. దానికి మొదటి ఏడాదే పరుగెత్తక్కర్లేదు, బ్రేకులు, టైర్లు, చెయ్యి మూడూ కుదిరాక వెళ్లండి.

అంతకన్నా ముందు ఆటోక్రాస్‌కి వెళ్లమంటాను. పెద్ద పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కో బండిని ఒక్కోసారి వదిలి టైము చూస్తారు. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ప్రాంతీయ శాఖలు చాలాచోట్ల నిర్వహిస్తాయి. బండి హద్దు ఎక్కడుందో ఇతరులకు ప్రమాదం లేకుండా తెలుసుకునే చోటు ఇది. కారులో ఉన్న వదులు సామాన్లన్నీ తీసేయండి, ఫ్లోర్ మ్యాట్లు కూడా. చక్రాల నట్లు టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించుకోండి. హెల్మెట్ అక్కడ ఇస్తారేమో ముందే అడగండి. మీ వంతు డ్రైవింగ్ అయ్యాక, పడిపోయిన కోన్లు నిలబెట్టే పని మీకు వేస్తారు, అది అందరికీ ఉంటుంది. చెప్పకుండా వెళ్లిపోతే మీ టైము రద్దు చేయొచ్చు. ట్రాక్ మీద నడిపించే రోజులకు నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి, ఓపెన్ టాప్ బండికి రోల్ బార్ లేకుండా చాలాచోట్ల రానివ్వరు. పేరు రాయించుకునే ముందే ఆ సంగతి అడగండి.